సింగపూర్‌లో పీత తినబోతున్నారా? ముందు '100 గ్రాములకు' అన్న మాట వెతకండి

పోయిన నెల నేనూ మా ఆవిడా సింగపూర్ వెళ్లాం. మొదటి రాత్రే దెబ్బ తిన్నాం.

నది ఒడ్డున నడుస్తుంటే ఒకతను మెనూ పట్టుకుని ఎదురొచ్చాడు. చిల్లీ క్రాబ్, పక్కన 12 అని ఉంది. 12 సింగపూర్ డాలర్లంటే మన లెక్కలో ఎనిమిది వందలు. హైదరాబాద్‌లోనే ఆ రేటుకు అంత పీత రాదు, అక్కడెలా వస్తుందని అప్పుడే అనుమానం రావాలి. ఆకలి మీదున్నాం, రాలేదు. కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలో వేరుశనగపప్పు, రెండు తడి టిష్యూలు తెచ్చి పెట్టారు. ఎంత మర్యాదో అనుకున్నాం.

బిల్లు చూడండి. పీత కిలో మూడు వందల గ్రాములట, 156 డాలర్లు. 12 అన్నది వంద గ్రాముల రేటు! వండే ముందు తూచి చూపించిందీ లేదు, బరువు చెప్పిందీ లేదు. ఫ్రైడ్ రైస్ 18, పప్పులు 4, టిష్యూలు 2. మొత్తం 180. అక్కడితో అయిపోలేదు. మెనూ అడుగున చీమ తలకాయంత '++' ఉంది. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జి, రెండోది ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. వెరసి 215 డాలర్ల 82 సెంట్లు. మన డబ్బుల్లో 14 వేల పైమాటే. అడిగితే మెనూలో సన్నక్షరాలు చూపించాడు. అందులో అతని తప్పు పట్టలేం, అదే ఇంకా మంట.

ఇది కొత్త కథేం కాదు. 2009లో న్యూటన్ ఫుడ్ సెంటర్‌లో అమెరికా టూరిస్టులకు ఎనిమిది రొయ్యలకు 239 డాలర్లు వేస్తే అక్కడ పెద్ద గొడవే అయింది.

కాబట్టి పీత, చేప, రొయ్య ఏదైనా బరువు తూయించి, మొత్తం ఎంతవుతుందో నోటితో చెప్పించుకున్నాకే సరే అనండి. రేటు బదులు 'సీజనల్ ప్రైస్' అని రాసి ఉంటే మరీను. పప్పులూ టిష్యూలూ వద్దంటే తీసుకెళ్లిపోతారు, మొహమాటపడకండి.

మిగతా నాలుగు రోజులూ హాకర్ సెంటర్లలోనే, అంటే ఒకే కప్పు కింద చిన్న చిన్న తిండి దుకాణాలుండే చోట్లలోనే తిన్నాం. లిటిల్ ఇండియా స్టేషన్ దిగితే పక్కనే టెక్కా సెంటర్. దోసె, పరోటా, బిర్యానీ అన్నీ దొరుకుతాయి. బోర్డు మీద ఎంతుంటే అంతే, సర్వీస్ చార్జి ఉండదు. ఏ పూటా ఇద్దరికీ కలిపి 15 డాలర్లు దాటలేదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నింపుకుంటే నీళ్ల ఖర్చూ మిగులుతుంది. తిన్నాక ట్రే మనమే తీసి ర్యాకులో పెట్టాలి, లేకపోతే జరిమానా దాకా వెళ్తుంది.

అన్నట్టు, అక్కడ ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం. ఇది మాత్రం ఫ్రీ కదా అని తీసి చెయ్యి తుడుచుకోకండి. నేను తుడుచుకున్నాను.