ఈజీఆర్ వాల్వును మూసే ప్లేటు కొనబోతున్నారా? ముందు నా బండికి ఏం జరిగిందో చదవండి

డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లకు, అందులోనూ బండి కాస్త పాతబడినవాళ్లకు ఈ హెచ్చరిక. ఇంజిన్ పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు దారిని మూయడానికి, ఈజీఆర్ బ్లాకింగ్ ప్లేటు అని అమ్ముతున్న చిన్న రేకు ముక్కను నేను కొన్నాను, బిగించుకున్నాను, ఆరు వారాలు దానితోనే తిరిగాను. తప్పు అమ్మినవాడిది ఎంతో, తొందరపడి కొన్న నాది కూడా అంతే.

కొనకముందు నా బండికి పికప్ తగ్గింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ. ప్రకటనలో ఈ రెండు లక్షణాలే రాసి, ప్లేటు పెడితే పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, ఇంజిన్ ఆయుష్షు పెరుగుతుంది అన్నారు. ఒక్క రేకుతో మూడు పెరుగుదలలు! అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఈజీఆర్ చేసే పని తెలిస్తే ఆ ప్రకటనలోని మెలిక అర్థమవుతుంది. ఇంజిన్ వదిలే పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి వెళ్లే గాలిలో కలపడమే దాని పని. అప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. అయితే ఇది జరిగేది తక్కువ బరువు మీద, నింపాదిగా నడుస్తున్నప్పుడు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్‌ను నడిపించే బండిలోని కంప్యూటరే ఆ వాల్వును మూసేస్తుంది. అంటే పూర్తి బలం కావలసిన క్షణంలో సరిగ్గా పనిచేస్తున్న ఈజీఆర్ అసలు దారిలోనే ఉండదు. లేని అడ్డును తీసేస్తే బలం ఎక్కడినుంచి వస్తుంది?

మరి నాకు మొదటి వారం తేడా తెలిసింది కదా అంటారేమో. తెలిసింది, అబద్ధం చెప్పను. పొగ తగ్గింది, బండి చురుగ్గా కదిలింది. ఈ ప్లేటును మెచ్చుకునేవాళ్లలో చాలామంది చెప్పేది బహుశా ఈ మొదటి వారం గురించే. నేనూ ఇద్దరు మిత్రులకు గొప్పగా చెప్పాను. వాళ్లకు ఇప్పుడు ఈ రాత పంపాలి.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఇంజిన్ లైటు వెలిగింది. బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులను చదివే స్కానర్ పెడితే పి0401 అనే కోడ్ వచ్చింది, అంటే ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని. కంప్యూటర్ దీన్ని కనిపెట్టే తీరు తెలివైనది. ఫిల్టర్ దాటి వచ్చే తాజా గాలిని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. వాల్వు తెరిచి పొగను లోపలికి వదిలితే ఆ మేరకు తాజా గాలి తగ్గాలి. తెరవమని చెప్పినా గాలి లెక్క మారకపోతే, దారి మూసుకుపోయిందని దానికి అర్థమైపోతుంది. కోడ్ చెరిపేశాను. నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చింది.

అమ్మినవాడికి ఫోను చేశాను. "అది మామూలేనండి, మీ బండికి మధ్యలో రంధ్రం ఉన్న ప్లేటు కావాలి" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే జవాబు లేదు. అదీ కొన్నాను. లైటు ఈసారి కాస్త ఆలస్యంగా వెలిగింది, అంతే. మళ్లీ ఫోను చేస్తే, "కంప్యూటర్‌లో ఈజీఆర్‌నే తీసేద్దాం, మా దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది" అన్నాడు. అప్పటికి గాని నాకు వెలగలేదు: ఇతను అమ్ముతున్నది ప్లేటు కాదు, మొదటి మెట్టు. లైటు వెలగడం అతనికి సమస్య కాదు, తర్వాతి బేరం.

సాఫ్ట్‌వేర్ వద్దన్నాను. ఆ తర్వాతి వారం కొండదారిలో, ముందున్న లారీని దాటుతుండగా బండి ఒక్కసారిగా నీరుగారిపోయింది. ఎంత తొక్కినా వేగం పెరగదు. ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటర్ బలాన్ని తగ్గించేసింది. దీన్నే లింప్ మోడ్ అంటారు, కుంటినడక. నేను సగం దాటాను, ఎదురుగా మలుపు. బ్రేకు వేసి మళ్లీ లారీ వెనక్కి చేరేలోపు పక్క సీట్లో ఉన్న మా అన్నయ్య డ్యాష్‌బోర్డు పట్టుకున్న తీరు ఇంకా గుర్తుంది. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

దానికి తోడు డీపీఎఫ్ లైటు. పొగలోని మసిని పట్టి ఉంచే ఆ ఫిల్టర్, దాదాపు 600 డిగ్రీల వేడిలో మసిని కాల్చేసి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఈజీఆర్ తప్పు నమోదై ఉంటే చాలా బండ్లలో కంప్యూటర్ ఆ శుభ్రతను ఆపేస్తుంది. నాదీ ఆ కోవదే. మసి కాలడం లేదు, పేరుకుపోతోంది. ఈ సంగతి ప్రకటనలో ఒక్క ముక్క కూడా లేదు. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు ఆ ప్లేటు ధర ఒక లెక్కే కాదు.

చివరికి తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించాను. ఒక బోల్టు తుప్పుకు పట్టేసి తల తెగింది. ప్లేటు బయటికి వచ్చాక చేతిలో పెట్టుకుని చూశాను. పోస్టుకార్డుకు కాస్త ఎక్కువ మందం, అంతే. వేడికి నీలమూ గోధుమరంగూ కలిసిన మరకలు. ఒక బోల్టు రంధ్రం దగ్గర అంచు వంగి ఉంది, అక్కడినుంచి విసనకర్ర ఆకారంలో మసి చిమ్మి ఉంది. అతుకులో సందు లేకుండా పెట్టే గ్యాస్కెట్ కొత్తది ఇవ్వలేదు కాబట్టి పాతదే వాడాను, ఆ సందులోంచి వేడి పొగ బానెట్ కింద లీకవుతూ వచ్చింది. బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాను వేస్తే లోపల కొట్టిన ఘాటు వాసన, ప్రయాణం తర్వాత ఇంట్లోవాళ్ల తలనొప్పి ఎందుకో అప్పుడు తెలిసింది. మూసేసిన బండిలోకి పొగ రావడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

"మీ జబ్బు ఇది కాదండి, చూడండి" అంటూ మెకానిక్ వాల్వును చూపించాడు. మసీ ఆయిలూ కలిసి తారులా గడ్డకట్టి, వాల్వు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. మూసుకోవాల్సినప్పుడు మూసుకోవడం లేదు. అందుకే తొక్కినప్పుడు తాజా గాలి బదులు పొగ వెళ్లేది, నల్లగా వదిలేది. ప్లేటు ఆ లీకును కప్పేసింది, నేనేమో ఇంజిన్ మెరుగైందనుకున్నాను. వాల్వు విప్పి శుభ్రం చేసి, స్కానర్‌తో దాని మూసిన స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. మీరే చేసుకోదలిస్తే విప్పి బయట కడగండి. నడుస్తున్న ఇంజిన్ గాలి గొట్టంలోకి ద్రవాలు పోయడం ప్రమాదం. మోటారుతో నడిచే వాల్వు రేకును వేలితో బలవంతంగా తిప్పితే లోపలి గేరు పళ్లు విరుగుతాయి.

ప్లేటు వాడేవాళ్లందరూ మూర్ఖులని నేను అనడం లేదు. సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లో పేరుకునే మసి నిజమైన సమస్యే. సెన్సర్లు లేని, వాక్యూమ్ గొట్టంతో నడిచే పాత వాల్వుల మీద ఏళ్ల తరబడి ప్లేటుతో తిరిగినవాళ్లు ఉన్నారు. కానీ యూరప్‌లో డీజిల్ కార్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి యూరో 4 అనే కాలుష్య నియమాల్లో కిలోమీటరుకు 0.25 గ్రాములుంటే, యూరో 6లో 0.08కి దిగింది. అలాంటి కఠిన నియమాలకు తయారైన బండ్లలో ఈజీఆర్, డీపీఎఫ్, కంప్యూటర్ ఒకదాన్నొకటి చూసుకుంటూ నడుస్తాయి. ఒకదాని నోరు నొక్కితే మిగతావి ఊరుకోవు. పైగా చాలా దేశాల్లో ఇలా మార్చడం చట్టవిరుద్ధం.

పాత బండి కొనేవాళ్లకు ఇంకో మాట. ముందు యజమాని ఈ ప్లేటు పెట్టి మీకు అంటగట్టవచ్చు. ఈజీఆర్ గొట్టం అతుకుల దగ్గర టార్చి వేసి చూడండి, గ్యాస్కెట్ అంచు దాటి మెరిసే రేకు చివర కనిపిస్తే అడగండి. అది కనిపించకపోయినా, ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌తో వాల్వును తెరిపించి గాలి సెన్సర్ అంకె చూడండి. అంకె కదలకపోతే దారి మూసుకుపోయినట్టే, ప్లేటుతోనో మసితోనో. ఇంజిన్ తాళం తిప్పగానే ఇంజిన్ లైటు ఒక క్షణం వెలగాలి, అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు మూయించారని అనుమానించండి.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే అమ్మినవాడు ఒప్పుకోలేదు. ప్యాకెట్ వెనక చదవమన్నాడు. భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో "రోడ్డు మీద తిరిగే వాహనాలకు కాదు" అని ఉంది. ముందువైపు రోడ్డు మీద దూసుకుపోతున్న బండి బొమ్మ. ఆ ప్రకటన ఇంకా అలాగే ఉంది. "అన్ని డీజిల్ బండ్లకూ సరిపోతుంది" అన్న మాట కనిపించిందంటే ఆ సరుకే.