డిజికామ్‌తో ఎనిమిది నెలలు: 60 వేల ఫొటోల అటక

పదమూడేళ్ల ఫొటోలు, మూడు ఎక్స్‌టర్నల్ డిస్కులు, రెండు పాత ఫోన్లు. అన్నీ కలిపితే 60 వేల పైచిలుకు. నా ఫోల్డర్ల పేర్లు చూస్తే నవ్వుతారు: "కొత్త ఫోల్డర్", "కొత్త ఫోల్డర్ 2", "ఇది తీసేయొద్దు". ఒకరోజు ఆ డిస్కుల్లో ఒకటి టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. అందులోవి ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో నాకే తెలీదు. ఆ భయంతో వేసుకున్నాను డిజికామ్‌ని, అంటే ఫొటోల్ని సర్దిపెట్టుకునే ప్రోగ్రామ్‌ని.

ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిందేమిటంటే, ఇది ఫొటోల్ని తన కడుపులో దాచుకోదు. డిస్కులో మీ ఫోల్డరే దీనికి ఆల్బమ్. రేపు విసుగొచ్చి తీసేసినా ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి.

మొదటి నెలంతా పేర్లు మార్చడంతోనే సరిపోయింది. నా కెమెరా లెక్క 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి వస్తుంది. అలా 0417 నంబరుతో నా దగ్గర నాలుగు వేరు వేరు ఫొటోలు తేలాయి. అంతకుముందు ఒకసారి అన్నీ ఒకే ఫోల్డర్లోకి లాగుతుంటే "ఇదే పేరుతో ఇంకోటి ఉంది, మార్చెయ్యనా?" అని కంప్యూటర్ అడిగింది. చదవకుండానే సరే కొట్టాను. ఏం పోయిందో ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను వరసలో పేరు పెట్టిస్తున్నాను. మెసేజింగ్ యాప్‌లో వచ్చినవాటితోనే చిక్కు. తీసిన తేదీ వాటిలో చాలావరకు ఉండదు. అమ్మ పెళ్లి ఫొటో 2021లో తీసినట్టు కనిపిస్తుంది! అలాంటివి ఎంచుకుని తేదీ చేత్తో దిద్దుకోవాలి. ఒకేసారి వందకి దిద్దొచ్చు, అదో ఊరట.

ట్యాగులు, నక్షత్రాలు పెట్టేవాళ్లకి ఒక మాట. అవి ఫొటో ఫైల్లోనే రాయాలా, పక్కన ఎక్స్‌ఎంపీ అనే చిన్న వివరాల ఫైల్లో రాయాలా అన్నది సెట్టింగుల్లో మన ఇష్టం. నేను పక్క ఫైలే ఎంచుకున్నాను. అసలు ఫొటో జోలికి వెళ్లదు. పైగా ట్యాగ్ మార్చిన ప్రతిసారీ బ్యాకప్‌కి ముప్ఫై ఎంబీ రా (RAW) ఫైలు, అంటే కెమెరా నేరుగా ఇచ్చే పెద్ద ఫైలు, మళ్లీ కాపీ అవక్కర్లేదు, కొన్ని కేబీల ముక్క వెళ్తే చాలు. ముఖాలు గుర్తుపట్టే పని కూడా మన కంప్యూటర్లోనే జరుగుతుంది, ఫొటోలు బయటికి పోవు. కాకపోతే ఎవరెవరో మొదట కొన్ని మనమే చెప్పాలి.

ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెలుగు, రంగు, వంకర సరిచేయడానికి సరిపోతుంది. దిద్దినదాన్ని వేరే కాపీగా దాస్తుంది, అసలుది అలాగే ఉంటుంది. మెనూలు మాత్రం చింపిరి జుట్టులా ఉంటాయి, దువ్వుకోడానికి రెండు వారాలు పడుతుంది.

అసలు సంగతి బ్యాకప్. మీ ఫొటోల్ని ఇంకో డిస్కుకి కాపీ చేసి కాపాడే పని డిజికామ్ మీద పెట్టుకోకండి. దానికి వేరే సింక్ ప్రోగ్రామ్, అంటే రెండు చోట్లా ఫైళ్లు ఒకేలా ఉంచేది, వాడాలి. ఇక్కడ నేను ఒక దెబ్బ తిన్నాను. మిర్రర్ పద్ధతి పెట్టుకున్నాను. అంటే ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. పొరపాటున ఒక ఫోల్డర్ తీసేసి, సాయంత్రం సింక్ నడిపాను. రెండు చోట్లా సఫా. డిజికామ్‌లో తీసేసినవి డీట్రాష్ అనే దాచిన ఫోల్డర్లోకి పోతాయి కాబట్టి, అందులోంచి వెనక్కి తెచ్చుకున్నాను. తీసేసినవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచే ఆప్షన్ సింక్ ప్రోగ్రామ్‌లో ఆ రాత్రే ఆన్ చేశాను. ట్యాగులు, ముఖాల వివరాలు డిజికామ్ రాసుకునే డేటాబేస్ ఫైలు కూడా కాపీ చేసుకోండి, ప్రోగ్రామ్ మూసేశాకే. డిజికామ్ వెర్షన్ 8 వచ్చినా ఆ ఫైలు పేరు ఇంకా డిజికామ్4 అనే ఉంటుంది, పాతదనుకుని పారేయకండి.

ఇప్పుడు మూడు కాపీలు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి డిస్కులో, ఒకటి తమ్ముడింట్లో. పోయిన ఆదివారం వాడి దగ్గర్నుంచి డిస్కు తెచ్చి, 2013 ఫోల్డర్లోంచి తోచిన ఇరవై తెరిచి చూశాను. పంతొమ్మిది బాగున్నాయి. ఇరవయ్యోది సగానికి కింద అంతా బూడిదరంగు. కంప్యూటర్లోనూ అంతే, రెండో డిస్కులోనూ అంతే. చెడిపోయినదాన్నే శ్రద్ధగా మూడు చోట్ల దాచుకున్నానన్నమాట. టక్ టక్ డిస్కు ఇంకా సొరుగులోనే ఉంది, దాన్ని మళ్లీ తగిలించే ధైర్యం రావట్లేదు.