వాచీ మంచిదే, పేచీ దాని పుస్తకంతోనే

చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకుని నడిచే ఈ ఆటోమేటిక్ వాచీతో పాటు చెక్కపెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది. దళసరి కాగితం, పేజీకి రెండు మూడు వాక్యాలు, మిగిలిన చోటంతా మంచుకొండల ఫొటోలు. వాచీ మంచిదే, ఆ సంగతి తరువాత చెబుతాను. ఇంత ధర ఎందుకు పెట్టాలో కొనేవారికి నచ్చజెప్పే పనిని కంపెనీ వాచీకంటె ఎక్కువగా ఆ పుస్తకానికే అప్పగించింది కనుక, సమీక్షను కూడా దానితోనే మొదలుపెట్టడం న్యాయం.

వాచీ కేసును, అంటే యంత్రాన్ని మూసి ఉంచే లోహపు డొక్కును, శస్త్రచికిత్స పరికరాల ఉక్కుతో చేశామని రెండో పేజీ చెబుతుంది. అది 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పును బాగా తట్టుకుంటుంది, సందేహం లేదు. కాని రసాయన కర్మాగారాల పైపులకూ పడవల సామగ్రికీ వాడేది అదే, దీనిలో పదో వంతు ధరకు దొరికే ఎన్నో వాచీలకు వాడేదీ అదే. గీతలు పడని నీలమణి అద్దం అన్నది దాదాపు నిజం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో నీలమణి కాఠిన్యం 9, వజ్రానిది 10. అయితే ఇది గనిలో దొరికిన మణి కాదు, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడిని కరిగించి తయారుచేసినది. ఆ విద్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నూయీ 1902లోనే వెల్లడించాడు. ఇక 30 మీటర్ల నీటి రక్షణ అంటే అంత లోతుకు దిగవచ్చునని అర్థం కాదు. అది ప్రయోగశాలలో పరీక్షించే పీడనానికి గుర్తు మాత్రమే. చేతులు కడుక్కోవచ్చు, వానలో తడవవచ్చు, ఈతకు మాత్రం పెట్టుకోకూడదు. డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అనే వేరే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దానికి కనీసం 100 మీటర్లు కావాలి. పుస్తకంలో ఈ 30 అంకె పక్కన నీలి సముద్రపు ఫొటో వేశారు!

ఎక్కడా అబద్ధం లేదన్నది గమనించాలి. కొలవగలిగిన చోటల్లా అంకె చెప్పి, దాని పక్కన అంకెకు మించిన బొమ్మ పెట్టడం వీరి పద్ధతి. కొలిస్తే ఇబ్బంది కలిగే చోట అంకే ఉండదు. అసాధారణమైన కచ్చితత్వం అని రాశారు గాని రోజుకు ఎన్ని సెకన్లో రాయలేదు. వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించే స్విట్జర్లాండ్‌లోని సీఓఎస్‌సీ సంస్థ క్రోనోమీటర్ (కచ్చితమైన వాచీ) అని ధ్రువపత్రం ఇవ్వాలంటే సగటున రోజుకు 4 సెకన్ల వెనుకబాటు, 6 సెకన్ల ముందడుగు దాటకూడదు. ఈ వాచీకి ఆ పత్రం లేదు; నా చేతి మీద ఇది రోజుకు ఏడెనిమిది సెకన్లు ముందుకు పోతోంది. స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీకి ఇది తప్పు పట్టవలసిన నడక కాదు. కాని బ్యాటరీతో, క్వార్ట్జ్ స్ఫటికపు కంపనాలతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలంతా కలిపి పదిహేను సెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది.

అసలు కథ అక్కడే ఉంది. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ టోక్యోలో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. అంతవరకు వాచీ గొప్పతనమంటే ప్రధానంగా కచ్చితత్వమే. పోటీలూ ప్రకటనలూ దాని చుట్టూనే తిరిగేవి. ఆ పందెంలో స్ప్రింగు ఇక గెలవలేదని తేలిపోయాక, 1970లో సుమారు 90 వేల మంది పనిచేసిన స్విస్ పరిశ్రమ 1980ల నడిమికి 30 వేల పైచిలుకుకు కుదించుకుపోయింది. నిలబడిన కంపెనీలు యంత్రం కన్నా ముందు మాట మార్చాయి. సమయం చెప్పే పనిముట్టు చేతిపనికీ వంశానికీ వారసత్వానికీ గుర్తయింది. వాచీ కొన్నవాడు నిజానికి దానికి యజమాని కాదు, తరువాతి తరం కోసం దానిని కాపాడే వ్యక్తి మాత్రమే అన్న భావంతో 1996లో స్విస్ వాచీల కంపెనీ పటేక్ ఫిలిప్ ప్రారంభించిన ప్రచారం ఆ మార్పుకు పరాకాష్ఠ. ఒక్క వాక్యంతో ఖర్చు ఆస్తిగా మారింది, కొనుగోలు బాధ్యతగా మారింది. ఆ చాతుర్యాన్ని మెచ్చుకోక తప్పదు.

నా చేతిలోని పుస్తకం దానికి పేలవమైన నకలు. తరతరాలు అన్న మాట మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. కొన్నేళ్ళకొకసారి యంత్రాన్ని విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలన్న సంగతి చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాలలో ఉంది. తరతరాల ఖర్చు అదే కదా.

అలాగని ఇదంతా వట్టి మాయ అని కొట్టిపారేయలేను. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని మరోసారి చెప్పి ఇస్తే, ఖరీదైనదన్నప్పుడే అది రుచిగా ఉందని తాగినవారు చెప్పారు. మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం కూడా అప్పుడే ఎక్కువగా స్పందించింది. అంటే వారు గొప్పకు చెప్పినది కాదు, ఆ ఆనందం నిజమైనదే. ధర చెప్పకుండా ఇచ్చినప్పుడు మాత్రం తేడా కనిపించలేదు.

ఈ వాచీలో పుస్తకం ఊసెత్తని మంచి ఒకటుంది. కీ తిప్పుతుంటే వేళ్ళకు తగిలే బిగువు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరున ఉంటుంది, ఎక్కడా గరుకు తగలదు. పట్టీ లంకెల లోపలి అంచులను కూడా, ఎవరికీ కనిపించని చోట, చర్మానికి గుచ్చుకోకుండా నున్నగా అరగదీశారు. ధరలో కొంత భాగమైనా వాటికే పోయిందని నమ్మవచ్చు. కొనదలచినవారు పుస్తకాన్ని అమ్మేవారి దగ్గరే ఉంచి, ముందుగా కీ తిప్పి చూడాలి, పట్టీ లోపలి వైపు వేలితో తడిమి చూడాలి, సర్వీసుకు ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోవాలి.