అలారం పెట్టించుకునేవాళ్ళు జాగ్రత్త: సర్వీస్ షీట్ చదవకుండా సంతకం పెట్టకండి

రాత్రంతా నిద్ర లేదు, కోపం ఇంకా తగ్గలేదు, వరసగా రాయలేకపోతే ఏమీ అనుకోకండి. ఇంటికి దొంగల అలారం, పొగ అలారం రెండూ కలిపి ఒకే కంపెనీ చేత పెట్టించా. పేరు రాయను. అలారం గురించి ఒక్కసారి వెతికితే చాలు ఇక రోజూ ఫోన్ చేసి ప్రాణం తీసేది వాళ్ళే, మీకూ వచ్చే ఉంటాయి. బిగించే రోజు ఒకటికి రెండుసార్లు అడిగా, సిటీ వాళ్ళ దగ్గర పర్మిట్ ఏమన్నా తీసుకోవాలా అని. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు కోడ్ గుర్తుపెట్టుకోండి చాలు" అన్నాడు సేల్స్ అతను. నమ్మేశా.

ఐదు నెలల్లో నాలుగుసార్లు మోగింది, నాలుగూ ఉత్తుత్తివే. మొదటిసారి అమ్మ తలుపు తాళం వేసేలోపే సైరన్ మొదలైంది, ఎందుకంటే కోడ్ కొట్టాక బయటికెళ్ళడానికి 20 సెకన్లే పెట్టాడు ఆ బిగించినవాడు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషి 20 సెకన్లలో చెప్పులేసుకుని తలుపు వేసి తాళం ఎలా వేస్తుంది? తర్వాత చదివితే తెలిసింది, ఉత్తుత్తి అలారాలు తగ్గించడానికే సీపీ-01 అని ఒక స్టాండర్డ్ ఉందట, దాని ప్రకారం 45 సెకన్లకి తగ్గకూడదు, మామూలుగా 60 పెడతారు. రెండోసారి పొగ అలారం. నాన్న వేణ్ణీళ్ళతో స్నానం చేసి బాత్రూమ్ తలుపు తీశారు, ఆ ఆవిరికి మోగింది, ఫైరింజన్ వచ్చేసింది, పాపం ఆయన తువ్వాలు మీదే బయటికి పరిగెత్తారు. షవర్ ఉన్న బాత్రూమ్ తలుపుకి కనీసం 3 అడుగుల దూరంలో పెట్టాలి దాన్ని, మా ఇంట్లో సరిగ్గా తలుపు పైనే బిగించాడు.

మూడోది, నాలుగోది ఇంట్లో ఎవరూ లేనప్పుడు మోగాయి, రెండుసార్లూ పోలీసులు వచ్చి ఇల్లు చుట్టూ తిరిగి చూసి వెళ్ళారు. అప్పుడు టెక్నీషియన్‌ని పంపించారు. నన్ను ఇప్పటికీ తినేస్తున్నది ఆ రోజు జరిగిందే.

అతను హాల్లో నిలబడి ఏసీ వేయమన్నాడు, వేశా. కిటికీ కర్టెన్ మెల్లగా పైకి లేచింది, ఎదురుగా మూలనున్న సెన్సర్‌లో చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరింది. మళ్ళీ లేచింది, మళ్ళీ వెలిగింది. ఇద్దరం అలా చూస్తూ నిలబడ్డాం. "ఎవరు పెట్టారండీ దీన్నిక్కడ, కర్టెన్ ఊగుతుంటే ఇది మోగక ఏం చేస్తుంది" అన్నాడు. మోషన్ సెన్సర్ అంటే మనిషిని గుర్తుపట్టేది కాదట, తన ముందు వేడిలో తేడా కదిలితే చాలట, చల్లగాలికి ఊగే కర్టెన్ అయినా దానికి ఒకటే. మీవాళ్ళే పెట్టారు బాబూ అన్నా. ఇంకేం మాట్లాడలేదు. సెన్సర్ పక్కకి తిప్పాడు, షీట్ రాశాడు, పెన్ను చేతికిచ్చి "వచ్చి చూశామని సంతకం సార్" అన్నాడు. ఆఫీసు ఫోన్ చెవిలో పెట్టుకుని ఉన్నా, చదవలేదు, పెట్టేశా. బ్యాంకులో రెండు రూపాయల స్లిప్ అయినా చదివి సంతకం పెట్టే మనిషిని, ఆ రోజు ఎందుకు చదవలేదో నాకే అర్థం కావట్లేదు.

నిన్న సిటీ నుంచి ఫైన్ కాగితం వచ్చింది. పర్మిట్ లేకుండా అలారం నడిపినందుకు ఒకటి, ఉత్తుత్తి అలారాలకి ఇంకోటి. పరికరం తప్పయితే, బాగుచేయించినట్టు కాగితం చూపిస్తే తీసేస్తారని తెలిసి పరిగెత్తుకెళ్ళా. అక్కడ ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. కంపెనీ పంపిన షీట్‌లో కారణం దగ్గర "వాడేవారి పొరపాటు" అని ఉంది. కింద నా సంతకం.

కంపెనీకి ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ అంట, కర్టెన్ సంగతి మొత్తం విన్నాడు, విని "సంతకం మీదే కదా సార్" అన్నాడు. పర్మిట్ మీరు చూసుకుంటామన్నారు కదా అంటే, రిజిస్ట్రేషన్ బాధ్యత కస్టమర్‌దే అని అగ్రిమెంట్‌లో ఉందట. వెతికా, నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో.

డబ్బు పోతే పోయింది. అసలు భయం ఏంటంటే ఆ ఫైన్ కాగితంలోనే ఇంకో లైన్ ఉంది, ఇకమీదట ఈ అడ్రస్ నుంచి అలారం వస్తే ఎవరైనా చూసి నిజమేనని ఖాయం చేస్తేనే పోలీసుల్ని పంపుతారట. పోలీసుల్ని తప్పుపట్టను. అమెరికాలో వాళ్ళకి వెళ్ళే దొంగల అలారం కాల్స్‌లో నూటికి 94 నుంచి 98 దాకా ఉత్తుత్తివేనట, సాల్ట్ లేక్ సిటీలో అయితే 2000లోనే ముందు ఎవరో ఒకరు వెళ్ళి చూస్తే గానీ పోలీసులు రారని రూల్ పెట్టేశారు. బ్రిటన్‌లో కూడా ఏడాదిలో మూడు ఉత్తుత్తివి వస్తే రావడం మానేసే పద్ధతి ఉంది. ఎన్నిసార్లని పరిగెత్తుతారు వాళ్ళు మాత్రం? కానీ మా ఇంట్లో పగలంతా ఉండేది ఇద్దరు పెద్దవాళ్ళు. రేపు నిజంగా ఎవడైనా తలుపు పగలగొడితే ఆ సైరన్ విని ఎవరొస్తారు? వాడెవడో నిచ్చెన వేసి రెండు నిమిషాల్లో తప్పు మూలలో బిగించిపోతే, దానికి నా ఇంటికి చెడ్డపేరు వచ్చింది.

కొనబోయేవాళ్ళకి త్వరగా చెప్తా. పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో కాగితం చూడండి, నోటిమాట వద్దు. బిగించినరోజే ఏసీ వేసి, కర్టెన్లు వదిలి, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళ చేత తాళం వేయించి చూడండి. సర్వీస్ షీట్‌లో కారణం అన్న గడి చదవండి, ఫొటో తీసుకోండి. విసుగొచ్చి పొగ అలారం బ్యాటరీ మాత్రం తీసేయకండి, అలారాన్నే వేరే చోటికి జరిపించుకోండి.

అప్పీల్‌కి ఇంకా ఆరు రోజులే ఉంది. ఇలాంటి షీట్ మీద సంతకం పెట్టి తర్వాత మార్పించుకోగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా చేశారో దయచేసి చెప్పండి. కర్టెన్ ఊగినప్పుడు సెన్సర్ లైటు వెలగడం అమ్మ కూడా చూసింది, ఆవిడ సాక్ష్యం పనికొస్తుందా?