మనోవర్తి అందనప్పుడు ఏది మేలు: వారంటా, పింఛనా, ప్రభుత్వ ముందస్తు చెల్లింపా?

కోర్టు మనోవర్తి మంజూరు చేయడం వేరు, ఆ డబ్బు చేతికి అందడం వేరు. అనంతపురం జిల్లాలో వేరుశనగ పోయిన ఏడు బెంగళూరుకు పనికి వెళ్లిన భర్త మళ్లీ ఇటు చూడకపోతే, కళ్యాణదుర్గం వైపు పల్లెలో పిల్లలతో మిగిలిపోయిన తల్లికి అసలు కష్టం తీర్పు వచ్చాకే మొదలవుతుంది.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125) కింద బకాయి వసూలుకు వారంటు కోరవచ్చు. కట్టని ఒక్కో నెలకు నెలదాకా జైలు పడవచ్చు, జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదు. ఆచరణలో ఆ వారంటు 'మనిషి ఊళ్లో లేడు' అన్న రాతతో తిరిగొస్తుంది; ఆమె ఆ రోజు కూలీ, బస్సు చార్జీలూ పోగొట్టుకుని ఇంకో వాయిదా తేదీతో ఇల్లు చేరుతుంది. భర్త నెలజీతగాడైతే మాత్రం 2005 నాటి గృహహింస చట్టం 20వ సెక్షన్ ఎంతో మేలు: ఆదేశించిన సొమ్ము అతడు కట్టకపోతే, జీతంలోంచి నేరుగా ఆమెకే చెల్లించమని కోర్టు యజమానిని ఆదేశించగలదు. మేస్త్రీ వెంట ఊళ్లు మారే తాపీ పనివాడి దగ్గర ఇది సాగదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా ఒంటరి మహిళ పింఛను నెలకు 4,000 రూపాయలు. ఇంటికే వస్తుంది, ఆ నిశ్చింత చిన్నది కాదు. అయితే వయసు నిబంధన వల్ల ఇరవైల్లో ఉన్న తల్లికి అది దక్కదు, పైగా బిడ్డను వదిలేసిన తండ్రిని అడిగేవారు ఇందులో ఎవరూ లేరు.

జర్మనీలో 1980 నుంచి మరో పద్ధతి ఉంది. కట్టవలసినవారు కట్టకపోతే ప్రభుత్వమే బిడ్డకు నెలనెలా నిర్ణీత మొత్తం చెల్లించి, ఆ బాకీని వారి నుంచి తానే వసూలు చేసుకుంటుంది. 2017 నుంచి కొన్ని షరతులతో 18 ఏళ్లదాకా ఇస్తున్నారు. ఇచ్చినదంతా అక్కడా తిరిగి రాదు, అయినా ఆ నష్టం బిడ్డ కంచంలో పడదు. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ వసూలు చేసి పెడుతుంది గానీ ముందుగా ఇవ్వదు, పైగా పుచ్చుకునేవారి నుంచీ 4 శాతం కోసుకుంటుంది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

పారిపోయినవాణ్ని వెతికే భారం తల్లిది కాకూడదు కనుక జర్మనీ పద్ధతే మేలు, అది మన రాష్ట్రానికీ రావాలి. అందాకా పింఛనుకు అర్హత ఉంటే గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటూనే, వారంటు అర్జీని మానకూడదు, ఎందుకంటే బకాయి పడిన ఏడాదిలోగా అడగకపోతే ఆ నెల సొమ్ముకు వారంటు ఇవ్వరు. వకీలు ఫీజుకు వెనకాడనక్కరలేదు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.