గ్రో లైట్ మంచిదే, దాని టైమర్ మీదే నా కోపం

ఈ ఎల్‌ఈడీ గ్రో లైట్‌ని రెండేళ్లకు పైగా వాడుతున్నాను. ఎండ చాలని మొక్కలకి ఎండ బదులు వెలుగిచ్చే దీపం ఇది. లైట్‌తో నాకు పేచీ లేదు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడకి తూర్పున అపార్ట్‌మెంట్ లేచాక షేడ్‌నెట్‌లోకి పొద్దుటి ఎండ రావడం మానేసింది. ఆంథూరియంలు కాడలు సాగదీసి, పూయడం ఆపేశాయి. లైట్ పెట్టాక కొత్త ఆకులు దట్టంగా వచ్చాయి, పూలూ మొదలయ్యాయి.

కోపమంతా దాని టైమర్ మీద. 12 గంటలు వెలిగి 12 గంటలు ఆరాలి. కానీ కరెంటు పోతే ఆ లెక్క దానికి గుర్తుండదు. వచ్చిన నిమిషం నుంచి మళ్లీ కొత్త 12 గంటలు మొదలు. వాయుగుండం గాలులకి పోయిన కరెంటు రాత్రి తొమ్మిదింటికి వస్తే, ఇక రోజూ రాత్రంతా వెలుగే. పొద్దున్నే నీళ్లు పోయడానికి వెళ్తే వెలుగుతూనే కనిపిస్తుంది, అనుమానం రాదు.

ఆంథూరియం దీన్ని పట్టించుకోలేదు. చామంతి, కలాంచో అలా కాదు, రాత్రి ఎంత పొడుగో చూసుకుని మొగ్గ వేస్తాయి. నడిరాత్రి కాసేపు వెలుగు పడినా పగళ్లు పొడుగే అన్నట్టు ఆకులే వేస్తూ పోతాయి. పూత ఆలస్యం కావాలనుకునే చామంతి రైతులు రాత్రుళ్లు బల్బులు వెలిగించేది ఇందుకే. మా మేడ మీద ఆ పని టైమర్ చేసిపెట్టింది. ఒకే చామంతి మొక్క నుంచి తీసి నాటిన కొమ్మలే అన్నీ. నీళ్ల ట్యాంకు వెనక, వెలుగు అందని కుండీల నిండా మొగ్గలు. లైట్ కింద వరుసలో నవంబర్ వచ్చినా ఒక్కటి లేదు. ఎరువు, వేరుకుళ్లు, పేనుబంక అన్నీ చూశాను. చివరికి ఎదురింటావిడ, "రాత్రంతా మీ మేడ మీద లైటు వెలుగుతోందండీ, కావాలనే వేస్తున్నారా?" అని అడిగితే తెలిసింది. కంపెనీకి ఫోన్ చేస్తే, "కరెంటు పోతే అంతేనండీ" అన్నారు. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు. సంక్రాంతికి పూలు కొనుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు బ్యాటరీ ఉన్న వేరే టైమర్‌ని ప్లగ్ దగ్గర పెట్టాను. అప్పటి నుంచి ఈ బాధ లేదు.

ఫలెనాప్సిస్ ఆర్కిడ్‌కి కూడా ఈ లైట్ బాగుందని మొదట్లో చాలామందికి చెప్పాను. ఆకులు బలపడ్డ మాట నిజమే. పూకాడ వేయాలంటే మాత్రం దానికి కొన్ని వారాలు చల్లదనం కావాలి, మన విశాఖ ఉక్కలో అది లైట్ వల్ల అయ్యేది కాదు. ఉప్పుగాలికి క్లిప్పు స్ప్రింగు కూడా తుప్పు పట్టింది.

మేడ మీద ఎండ బాగా పడేవాళ్లకి ఇది అవసరం పడదనుకుంటాను. నాలాగా నీడలో ఆంథూరియం, అగ్లోనిమా పెంచేవాళ్లు కొనొచ్చు. అదే నెట్ కింద చామంతులు కూడా ఉంటే, వేరే టైమర్ ఖర్చు కూడా కలుపుకుని చూసుకోండి.