టర్బో కోసం వెళ్తే వాల్వు పని చేసి పంపారు: విజయనగరంలో ఒక గ్యారేజ్ అనుభవం

నా కారు శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల బండి. ఫైబర్ బాడీ, లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజిన్, 60 హార్స్‌పవర్. గంటస్తంభం దగ్గర ఆపితే ఇప్పటికీ నలుగురు చుట్టూ చేరి "ఇదేం బండి బాబూ?" అని అడుగుతారు. చూడ్డానికి స్పోర్ట్స్ కారే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం వెనక నుంచి డీజిల్ స్విఫ్ట్ హారన్ కొట్టి మరీ దాటిపోతుంది. ఇంజిన్ మార్చాలా, సూపర్‌చార్జర్ పెట్టించాలా, టర్బో వేయించాలా అన్నది తేల్చుకుందామని కంటోన్మెంట్ వైపున్న ఈ గ్యారేజ్‌కి వెళ్లాను. టర్బో, సూపర్‌చార్జర్ రెండూ ఇంజిన్‌లోకి మామూలుకంటే ఎక్కువ గాలిని నొక్కి పంపేవే; టర్బో ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరుగుతుంది, సూపర్‌చార్జర్ ఇంజిన్ బెల్టుతో.

బయట నుంచి చూస్తే ఆశ పుట్టించే చోటు కాదు. లిఫ్ట్ ఒక్కటే, కూర్చోవడానికి పాత మారుతి సీటు. మేస్త్రి గారు యాభై దాటినాయన, చాలా ఏళ్లు సాలూరులో లారీ ఇంజిన్లు చేశారట. నేను మూడింటికీ ఎస్టిమేట్ అడిగితే ఆయన రేటు చెప్పలేదు, ప్లగ్ స్పానర్ తెమ్మని కుర్రాడికి చెప్పారు. "ఆయాసం ఉన్నోడ్ని పరుగెట్టించినట్టుంటాది బాబూ. ముందు దీని ఊపిరి సూద్దాం" అన్నారు.

నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఇంజిన్ వేడిగా ఉండగానే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటోందో చూపే మీటరు) పెట్టారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని స్టార్టర్ కొట్టమని నన్నే సీట్లో కూర్చోబెట్టారు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 165 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఆగాయి. మూడోది 120 దాటలేదు. అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించారు. ఆయిల్ పడ్డాక ముల్లు పైకి లేస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు లెక్క. లేవలేదు. "రింగులు బాగున్నాయి, వాల్వే" అన్నారు. అప్పుడు కూర్చుని మూడింటి లెక్కా తీశాం.

టర్బో గురించి ఈ వైపు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. సాలూరు లారీల ఊరు, టర్బో విప్పి బిగించే చేతులు బోలెడున్నాయి. ఇంకోచోట ఒకాయనైతే "పాత డీజిల్ కారు టర్బో తక్కువలో దొరుకుద్ది, బిగించేద్దాం" అని తెగ హుషారుపడ్డారు. ఈ మేస్త్రి గారు ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపారు. డీజిల్ కార్ల టర్బోలు 800 డిగ్రీల చుట్టుపక్కల వేడికి చేసినవి. పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ గట్టిగా తొక్కితే 950 దాటుతుంది. టర్బైన్ హౌసింగ్ పగులుతుంది. పెట్రోల్ టర్బోనే తెచ్చి తక్కువ బూస్ట్ (అదనంగా నొక్కే గాలి ఒత్తిడి) పెట్టినా ఖర్చు అక్కడితో ఆగదు. వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ. దాని మీద మరో 7 తోస్తే కాగితం మీద నా 60 గుర్రాలు దాదాపు 89 అవుతాయి. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది, మే నెల ఎండలో మరీనూ, వేడెక్కిందంటే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) వస్తుంది. కాబట్టి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పెట్రోల్ ఎక్కువ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, ట్యూన్ చేయడానికి వీలైన ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), టర్బోకి ఆయిల్ వెళ్లే పైపు, తిరిగొచ్చే పైపు. లక్షన్నరకి తక్కువ కాదన్నారు. ట్యూనింగ్ ఇక్కడ కుదరదు, బయట చేయించుకోవాలని కూడా ముందే చెప్పేశారు. ఆ ఒక్క మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

నా మనసు మాత్రం సూపర్‌చార్జర్ మీదే ఉండేది. ఎగ్జాస్ట్ కోసం ఎదురుచూడక్కర్లేదు, బెల్టుతో తిరుగుతుంది కాబట్టి ఘాట్‌లో రెండో గేర్‌లో తొక్కగానే లాగుతుంది. 2001 నుంచి 2006 దాకా వచ్చిన మినీ కూపర్ ఎస్‌లో ఈటన్ ఎం45 అనే చిన్న సూపర్‌చార్జర్ ఉండేది. సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుదామనుకున్నాను. ఆయన బానెట్ ఎత్తి బెల్టు వైపు చెయ్యి పెట్టి చూపించారు. ఇంజిన్‌కీ పక్క గోడకీ మధ్య నాలుగు వేళ్లు పట్టడం లేదు. బ్రాకెట్ కొత్తగా చేయాలి, పుల్లీ వరస రెండు మిల్లీమీటర్లు తప్పినా బెల్టు తినేస్తుంది. అక్కడితో ఆ కోరిక చల్లారింది.

ఇక ఇంజిన్ మార్చడం. బుద్ధికి నచ్చేది ఇదే. మారుతి కె12 అయితే 80 గుర్రాల పైమాటే, స్పేర్లు చీపురుపల్లిలో కూడా దొరుకుతాయి. మౌంటింగులు, డ్రైవ్‌షాఫ్టులు, వైరింగ్ అన్నీ కొత్తగా చేయాలి కాబట్టి ఇదే అన్నింటికంటే ఖరీదు, రెండు లక్షల పైనే. డబ్బుకంటే పెద్ద అడ్డు ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ నంబర్ చూస్తారు. టర్బో, సూపర్‌చార్జర్‌లకి కూడా చట్టం మినహాయింపు ఏమీ ఇవ్వలేదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేది ముందు దాన్నే.

చివరికి ఇంజిన్ హెడ్ (వాల్వులుండే పై భాగం) విప్పించాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట గోరు పట్టేంత కాలిపోయి ఉంది. ఇలాంటి ఇంజిన్ మీద బూస్ట్ పెట్టి ఉంటే వారం తిరక్కుండానే బండి తాడు కట్టుకుని వచ్చేది. యూరప్‌లో రెనో ట్వింగో కార్లకీ ఈ ఇంజిన్నే వేశారు కాబట్టి గాస్కెట్ సెట్, వాల్వులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోగలిగాను. సీట్ కటింగ్‌కి (వాల్వు ఆనుకునే అంచు చెక్కించడానికి) హెడ్ విశాఖ పంపారు. అక్కడి మెషిన్ షాపు "రేపు, ఎల్లుండి" అని తిప్పిన తిప్పుడు వేరే కథ. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ కూడా మార్చారు. పెట్రోల్ ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్‌ది కాబట్టి పాత రబ్బరు ఫ్యూయల్ పైపులు నేను అడక్కుండానే పీకి కొత్తవి వేశారు. మొత్తం యాభై వేల లోపు అయింది.

ఇప్పుడు సుంకి ఘాట్ మూడో గేర్‌లో ఎక్కుతోంది. స్విఫ్ట్ ఇంకా దాటుతుంది, కాకపోతే కాస్త కష్టపడి. నాతవలస టోల్ దాటాక హైవే మీద వందలో ఇంజిన్ వణుకు లేదు.

లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు. బిల్లు అడిగితే ముందు చిట్టీ మీద రాసిచ్చారు, జీఎస్‌టీ బిల్లు కోసం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఫైబర్ బానెట్‌ని గోడకి ఆనించి పెట్టి అంచున పెచ్చు లేపారు, టచప్ మాత్రం ఉచితంగా చేశారు. రోజువారీ ఆల్టో సర్వీసింగ్ కోసమైతే ఇక్కడికి రానక్కర్లేదు, బండి రోజులు రోజులు ఉంచేస్తారు.

మీరు పోలో టీఎస్‌ఐ, బెలెనో ఆర్‌ఎస్ లాంటివి నడుపుతుంటే కంపెనీ టర్బో ఎలాగూ ఉంది, కంప్రెషన్, కూలింగ్ చూపించుకోవడానికి మాత్రం రండి. పాత బండి అయితే పొద్దున పదిలోపు, ఇంజిన్ వేడిగా ఉండేలా నడుపుకుంటూ వెళ్లండి. ఆర్‌సీ జిరాక్స్ జేబులో పెట్టుకోండి, అది చూడందే ఆయన ఇంజిన్ మార్పు ఊసెత్తరు.